చింతమడకలో ఉన్న అల్లునికి

హైదరాబాద్

చిరంజీవి అల్లునికి మేనత్త ఆశీర్వదించి రాయునది.

నువ్వు ఫోన్‌కు పంపిన రక్తపరీక్ష కాగితం చూసిన. చెడ్డ కొలెస్టరాల్ అనే ఎల్‌డీఎల్ 214 ఉన్నది. దాని కింద నువ్వు రాసిన మాట కూడ చదివిన: "నాకు ఇరవై ఆరేండ్లు, సన్నగుంట, పొద్దంత పొలం కాడనే, నూనెవి తినను, బీడీ ముట్టను, ఇదెట్ల అత్తా?" దీనికి ఫోన్‌ల జవాబు చెప్తే సగం నీకు వినపడదు, మిగిలిన సగం మీ అవ్వ విని బుగులు పెట్టుకుంటది. అందుకని రాస్తున్న. ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పిన అలవాటు కొద్ది కొంచెం పాఠం లెక్క ఉంటది, ఓపిక పట్టి చదువు. అర్థం కాని కాడ గీత గీసిపెట్టుకో, వచ్చినప్పుడు కూసోని మాట్లాడుకుందం.

మీ బాపు నలభై తొమ్మిదో ఏట పోయినప్పుడు ఊర్ల ఒక్కొక్కరు ఒక్కో కారణం చెప్పిన్రు. అప్పుల బాధ అన్నరు, దావతులల్ల తిన్న మాంసం అన్నరు. మీ అవ్వ కూరల్ల నూనె ఎక్కువ పోస్తదని కూడ ఒకరిద్దరు అన్నరు. ఆ మాట వదిన మనసుల ఇప్పటికీ గుచ్చుకొని ఉన్నదని నాకు తెలుసు. అది అబద్ధమని నా మాటగ ఆమెకు చెప్పు. మా అన్న గుండెజబ్బు ఆయన పుట్టిన నాడే మొదలైంది. మా నాయిన నుంచి ఆయనకొచ్చింది, నాకు వచ్చింది, నీ కాగితం చూస్తే నీకు కూడ వచ్చినట్టే కనపడుతున్నది.

మీ బాపు మడమల వెనక నరం నీకు యాదికున్నదా? మడమ నుంచి పిక్క దాక పోయే ఆ నరం మనుషులకు మామూలుగ చిటికెనవేలంత ఉంటది. మా అన్నకు బొటనవేలి కన్న లావుగ, ముట్టుకుంటే గట్టిగ, అక్కడక్కడ గడ్డలు కట్టినట్టు ఉండేది. చెప్పుల్లేకుండ చెలకల తిరిగి అట్ల అయిందని మీ నాయనమ్మ అనేది. ముప్పై అయిదు దాటంగనే ఆయన నల్లగుడ్డు చుట్టు తెల్లటి వలయం వచ్చింది. మా నాయినకు కూడ అదే వలయం, అవే మడమలు. అందరం దాన్ని ఇంటి పోలిక అనుకున్నం. నిజంగ పోలికే, కాని ముక్కు పోలిక, నడక పోలిక లాంటిది కాదు. ఆ మడమ గడ్డల ముక్క కోసి మైక్రోస్కోపు కింద పెడితే కనపడేది కొలెస్టరాల్‌తోని ఉబ్బిపోయిన తెల్లరక్తకణాలు. గుండె రక్తనాళం గోడల పూడికను చీల్చి చూసినా ఆ కణాలే కనపడుతయి. అంటే మా అన్న గుండెల ఏం జరుగుతున్నదో ఆయన కాళ్ల మీద ఇరవై ఏండ్ల పాటు కనపడుతనే ఉన్నది.

రక్తంల కొవ్వు ఎక్కువైతే నాళం లోపల పేరుకొని దారి మూసుకపోతదని అందరు చెప్పే మాట నువ్వు వినే ఉంటవు. నేను చెప్పదలచుకున్న సంగతి అక్కడనే మొదలైతది. నాళంల కొలెస్టరాల్ దానంతట అది అట్ల పేరుకోదు. నాళం గోడల లోపలి పొరలకు ఎల్‌డీఎల్ రేణువులు జొరబడి అక్కడ చిక్కుకుంటయి, చెడిపోతయి. వాటిని శుభ్రం చేయడానికి మోనోసైట్ అనే తెల్లరక్తకణాలు రక్తం నుంచి గోడలకు దిగుతయి. దిగినంక అవి మ్యాక్రోఫేజ్‌లు అయితయి. సూక్ష్మజీవులను, చచ్చిన కణాలను, చెత్తను మింగుడు వాటి పని. మన పానం కాపాడే సైన్యమే అది. చెడిన ఎల్‌డీఎల్‌ను కూడ అట్లనే మింగుతయి. మన గ్రామపంచాయతి చెత్త ట్రాక్టర్‌ను యాది చేసుకో. వాడకట్టంత తిరిగి చెత్త ఎత్తుకుంటది, డంపింగ్ యార్డుల పోసొస్తది. యార్డు దారి బందైతే? చెత్త ఎత్తుడు ఆగదు, దించే జాగ ఉండదు. కొన్నాళ్లకు ఆ ట్రాక్టరే వాడకట్టు నడుమ అడ్డంగ నిలబడ్తది. మ్యాక్రోఫేజ్ గతి కూడ అంతే. మింగి మింగి, బయటికి పంపలేక, నురగ నింపినట్టు ఉబ్బి, చివరికి అక్కడనే చస్తది. చచ్చినదాన్ని మింగడానికి ఇంకోటి వస్తది. పూడిక అంటే ఇదే. పైన పొర పలుచబడి ఒకనాడు చిట్లుతది, అక్కడ రక్తం గడ్డకడ్తది, దాన్నే మనం గుండెపోటు అంటం.

1913లోనే రష్యాల అనిచ్కోవ్ అనే ఆయన కుందేళ్లకు కొలెస్టరాల్ తినిపించి నాళాలల్ల ఈ ఉబ్బిన కణాలను చూసిండు. అసలు చిక్కుముడి విప్పింది మాత్రం అమెరికాల డాలస్‌ల పని చేసిన మైఖేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు డాక్టర్లు. రక్తంల ఎల్‌డీఎల్‌ను పట్టుకొని లోపలికి తీసుకునే రిసెప్టర్ ఒకటి కణాల మీద ఉంటదని, కాలేయం మీద అవి సరిగ లేనోళ్లకు రక్తంల కొలెస్టరాల్ పుట్టుక నుంచే ఎక్కువ ఉంటదని వాళ్లు తేల్చిన్రు. 1985ల నోబెల్ వచ్చింది. ఆ రిసెప్టర్ జన్యువు రెండు ప్రతులల్ల ఒకటి చెడిపోయి పుట్టినోళ్లు ప్రపంచంల దాదాపు 250 మందికి ఒకరు ఉంటరు. దీనికి ఫెమీలియల్ హైపర్‌కొలెస్టరోలేమియా అని పేరు. డాక్టర్లు ఎఫ్‌హెచ్ అంటరు, నేను కూడ అట్లనే రాస్త. మందు వాడని ఎఫ్‌హెచ్ మగోళ్లల్ల సగం మందికి యాభై ఏండ్ల లోపలనే గుండెజబ్బు బయటపడ్తదని పాత లెక్కలు చెప్తయి. మా అన్న ఆ సగంల పోయిండు.

ఇక్కడ ఆ ఇద్దరికి ఒక సందేహం వచ్చింది. నాకు ఎప్పుడు చదివినా ఒళ్లు పులకరించే భాగం ఇది. రిసెప్టర్లు ఒక్కటి కూడ లేకుండ పుట్టిన పిల్లలుంటరు. వాళ్ల కణాలు ఎల్‌డీఎల్‌ను పట్టుకోలేవు కద, మరి వాళ్ల మ్యాక్రోఫేజ్‌లు కొలెస్టరాల్‌తోని ఎట్ల నిండుతున్నయి? 1979ల వాళ్లతోని కలిసి పని చేసిన సందీప్ కుమార్ బసు అనే మన దేశపాయన పేరు కూడ ఉన్న పరిశోధనల జవాబు దొరికింది. మ్యాక్రోఫేజ్ మీద వేరే తలుపు ఉన్నది. మామూలు ఎల్‌డీఎల్‌ను అది పట్టించుకోదు, రూపం మారిన ఎల్‌డీఎల్‌ను మాత్రం పట్టుకుంటది. మామూలు రిసెప్టర్‌కు కణం నిండంగనే మూసుకునే గుణం ఉన్నది, ఈ రెండో తలుపుకు అది లేదు. ఎంత వస్తే అంత లోపలికే. ఆ బసు గారే తర్వాత ఢిల్లీల నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇమ్యునాలజీకి డైరెక్టర్ అయిండ్రు.

మింగే తలుపుకు మూత లేదు సరే, కక్కే దారి సంగతి ఏంది? దాని కథ ఒక చిన్న దీవిల దొరికింది. అమెరికాల వర్జీనియా రాష్ట్రం పక్కన చెసపీక్ అఖాతంల టాంజియర్ అనే దీవి ఉన్నది. తరతరాలుగ కొద్ది కుటుంబాలే ఒకరికొకరు పిల్లనిచ్చి పుచ్చుకున్న జాగ. 1960ల ఆ దీవి పిల్లగానికి ఐదేండ్లప్పుడు గొంతుల టాన్సిల్స్ చూస్తే నారింజ పండు రంగుల, పెద్దగ ఉన్నయి. వాని చెల్లెకు కూడ అట్లనే. రక్తంల మంచి కొలెస్టరాల్ అనే హెచ్‌డీఎల్ దాదాపు సున్న. డొనాల్డ్ ఫ్రెడ్రిక్‌సన్ అనే డాక్టర్ పరీక్షించి, టాన్సిల్స్‌లున్న మ్యాక్రోఫేజ్‌లు కొలెస్టరాల్‌తోని కిక్కిరిసి ఉన్నయని చెప్పిండు. కారణమైన జన్యువు 1999ల దొరికింది. దాని పేరు ఏబీసీఏ1. కణం లోపలి కొలెస్టరాల్‌ను బయటికి తోసి హెచ్‌డీఎల్‌కు అప్పజెప్పే పంపు అది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు చెడిన ప్రతులు కలిసినోళ్లకు ఆ పంపే లేదు.

ఈ నడుమ ఇంకో మెట్టు ఉన్నది. మింగిన కొలెస్టరాల్‌ను కణం కడుపుల విడగొట్టే ఎంజైమ్ ఒకటి, దాని జన్యువు పేరు లిపా. 2011ల యూరప్ వాళ్ల జన్యువులు, మన దక్షిణాసియా వాళ్ల జన్యువులు కలిపి వెతికిన పెద్ద పరిశోధన ఒకటి గుండె రక్తనాళాల జబ్బుకు సంబంధించిన ఐదు కొత్త జాగలు చూపించింది. అందుల లిపా ఒకటి. విచిత్రమేందంటే, ముప్పు తెచ్చే రకం జన్యువు ఉన్నోళ్ల మోనోసైట్లల్ల ఈ ఎంజైమ్ తక్కువ కాదు, ఎక్కువ తయారైతున్నది. దాని మర్మం ఇంకా పూర్తిగ విప్పలేదు. ఇట్ల గుండెజబ్బుకు సంబంధించిన జన్యు జాగలు ఇప్పుడు వందల్ల దొరికినయి. ఒక్కొక్కటి చేసే తేడా చిన్నది. కొన్ని కాలేయంల పని చేస్తయి, కొన్ని నాళం గోడల, కొన్ని ఈ తెల్లకణాలల్ల.

ఇంత ఎందుకు రాస్తున్ననంటే, నీకు ఇంకో ప్రశ్న వస్తదని నాకు తెలుసు. మా నాయినకు కూడ ఇదే రోగం ఉన్నది కద, ఆయన డెబ్బై దాక ఎట్ల బతికిండు, ఆయన కొడుకు యాభై కూడ చూడలేదేంది అని. ఎల్‌డీఎల్ ఒకే తీరుగ ఉన్న ఇద్దరు అన్నదమ్ములల్ల ఒకరి తెల్లకణాలు కొలెస్టరాల్‌ను బాగ కక్కగలుగుతయి, ఇంకొకరివి కక్కలేవు. ఒకరి కణాలు మింగినంక ఊకుంటయి, ఇంకొకరివి మంట రాజేస్తయి, చుట్టుపక్కల కణాలను కూడ రెచ్చగొడ్తయి. పొగతాగుడు, షుగరు, బీపీ దాని మీద ఆజ్యం పోస్తయి. నీ తెల్లకణాలు తాత తీరువో, బాపు తీరువో సిద్దిపేటల, హైదరాబాద్‌ల ఏ ల్యాబుల పరీక్ష చేయించినా చెప్పలేరు. కక్కే గుణం పెంచే గోలీ కూడ లేదు. మనం ముందుగాల చేయగలిగింది ఒకటి ఉన్నది, అది శానా పెద్దది: వాటి నోటికి అందే ఎల్‌డీఎల్‌ను తగ్గించుడు. మింగడానికి లేకపోతే కక్కుడు చేతగాని కణం కూడ ఉబ్బదు. ఈ ఉత్తరంల మిగిలిందంత మరిచినా ఈ మాట మరువకు.

తగ్గిస్తే ఎంత లాభమో చెప్పే లెక్క కూడ ఉన్నది. పీసీఎస్‌కే9 అని ఒక జన్యువు ఉంటది, అది కాలేయం మీది రిసెప్టర్లను నాశనం చేస్తది. ఆ జన్యువు చెడిపోయి పుట్టుడు అదృష్టం. అమెరికాల నల్లజాతి వాళ్లల్ల కొంతమందికి అట్ల చెడిపోయి ఉన్నదని, వాళ్ల ఎల్‌డీఎల్ 28 శాతం తక్కువ ఉన్నదని, గుండెజబ్బు ముప్పు మాత్రం 88 శాతం తక్కువ ఉన్నదని 2006ల తేలింది. ఇరవై ఎనిమిది శాతమే తగ్గితే ముప్పు అంతగనం ఎందుకు తగ్గింది? పుట్టినప్పటి నుంచి తక్కువ ఉన్నది కాబట్టి. పూడిక ఒక్క ఏడాది పని కాదు, ఎన్నేండ్లు ఎంత ఎల్‌డీఎల్ గోడకు తగిలిందనే దాని మీద ఉంటది. యాభై ఏండ్లకు గోలీ మొదలుపెట్టినోనికి, ఇరవై ఆరేండ్లకు మొదలుపెట్టినోనికి తేడా అక్కడున్నది. నీకు ఇప్పుడే తెలిసింది, అది నాకు పెద్ద ధైర్యం.

ఇది పట్నపోళ్ల రోగమని, పని చేసే పెయ్యికి రాదని ఊర్ల ఇంకా అనుకుంటరు. గోదావరి జిల్లాలల్ల 45 ఊర్ల మరణాలను ఒక్కొక్కటి విచారించి 2006ల అచ్చేసిన లెక్క చూడు: నూటికి 32 చావులు గుండె, రక్తనాళాల జబ్బులవే. అవి వరి పండించే ఊర్లే, మనలాంటివే. 52 దేశాలల్ల చేసిన ఇంకో పరిశోధన ప్రకారం మన ఉపఖండం వాళ్లకు మొదటి గుండెపోటు 53 ఏండ్ల కాడ వస్తుంటే, మిగతా వాళ్లకు 59 కాడ వస్తున్నది. 2019 జులైల కేసీఆర్ ముఖ్యమంత్రిగ చింతమడకకు వచ్చి, ఊరందరికి పరీక్షలు చేసి ఆరోగ్య సూచిక తయారు చేయాలని చెప్పినంక వైద్య శిబిరాలు పెట్టిన్రు కద. మా అన్న "నాకేం రోగం" అని పొలానికి పోయిండు. ఆయనకు నిజంగనే ఏ బాధా లేదు. ఎఫ్‌హెచ్ గుణమే అది, గుండెపోటు వచ్చే దాక మనిషి మంచిగనే ఉంటడు.

నీకు ఎఫ్‌హెచ్ ఉన్నదా లేదా డాక్టరే తేల్చాలె. అయినా 190 దాటిన ఎల్‌డీఎల్, తండ్రికి చిన్న వయసుల గుండెపోటు, ఆయన మడమలు, ఈ మూడు చూస్తే ఏ గుండె డాక్టర్ అయినా అదే అనుమానపడ్తడు. థైరాయిడ్ తక్కువైనా కొలెస్టరాల్ పెరుగుతది కాబట్టి ఆ పరీక్ష కూడ చేయించు. లైపోప్రోటీన్ ఏ అనే పరీక్ష రాయమని అడుగు. అది మనోళ్లల్ల శానామందికి ఎక్కువుంటది, తిండితోని మారదు, జన్యువే దాన్ని నిర్ణయిస్తది, అందుకని జీవితంల ఒక్కసారి చూసుకుంటే సాలు. డెసీలీటరుకు 50 మిల్లీగ్రాములు దాటితే ముప్పు. ఉమ్మి డబ్బల పోసి పంపితే నీ గుండె భవిష్యత్తు చెప్తమని ఇంటర్‌నెట్‌ల అమ్మే కిట్లు కొనకు. ఆ పైసలతోని ఏడాది గోలీలు వస్తయి.

గోలీల మాటకొస్తే, స్టాటిన్ పేరు వినంగనే ఊర్ల భయపడ్తరు. అకీరా ఎండో అనే జపాన్ శాస్త్రవేత్త రైతు కుటుంబంల పుట్టినోడు. చిన్నప్పటి నుంచి బూజులంటే ఇష్టం. ఆరు వేలకు పైగ సూక్ష్మజీవులను పరీక్షించి, క్యోటోల ఒక ధాన్యం దుకాణం బియ్యం మీద పెరిగిన నీలిపచ్చ బూజుల కొలెస్టరాల్ తయారీని ఆపే పదార్థం కనిపెట్టిండు. స్టాటిన్లన్నిటికి అదే మూలం. కాలేయం సొంతంగ కొలెస్టరాల్ తయారు చేసుకోలేకపోతే, రక్తంల నుంచి గుంజుకోడానికి రిసెప్టర్లు పెంచుతది. నీకు రెండు ప్రతులల్ల ఒకటి మంచిది ఉన్నది కద, ఆ మంచి ప్రతితోని ఎక్కువ పని చేయిస్తది ఈ గోలీ. సరైన మోతాదుల వాడితే ఎల్‌డీఎల్ సగానికి దిగుతది. సాలకపోతే ఎజెటిమైబ్ అనే ఇంకో గోలీ కలుపుతరు. నేను రెండూ వాడుతున్న, నా ఎల్‌డీఎల్ 210 నుంచి 70 లోపలికి వచ్చింది. జనరిక్ దుకాణంల కొంటే ఖర్చు బరువు కాదు. కండరాల నొప్పులు వస్తే డాక్టర్‌కు చెప్పు, మోతాదో మందో మారుస్తరు. నీ అంతట నువ్వు మాత్రం ఆపకు. పొద్దున్నే ఎల్లిగడ్డ నమిలితే సాలని, ఫలానా ఊరి చెట్టు మందు తాగితే గోలీలు అక్కరలేదని చెప్పేటోళ్లు వస్తరు. కోపం చేయకు, గోలీ మానకు.

తిండి సంగతి తొందరగ చెప్త. నీ తీరు రోగంల పథ్యంతోని తగ్గేది కొంచెమే. అయినా జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర మంచియి. పామాయిల్, డాల్డా, తోలుతోని కోడి, దావతుల తలకాయకూర తక్కువ తిను. నూనె బొట్టు తాకనని ఉపాసం ఉండకు, పండుగకు సకినాలు తిననని వదినను బాధపెట్టకు. బీడీ, సిగరెట్ మాత్రం జన్మల వద్దు.

కొలెస్టరాల్ కాక, తెల్లకణాలు రాజేసే మంటను తగ్గించినా లాభం ఉంటదా అని చూసిన పరిశోధనలు కూడ ఉన్నయి. 2017ల గుండెపోటు వచ్చిపోయిన 10,061 మంది మీద మంటను మాత్రమే ఆపే సూదిమందు వాడి చూసిన్రు. కొలెస్టరాల్ తగ్గకుండనే మళ్ల పోటు, పక్షవాతం, గుండె మరణం ముప్పు 15 శాతం తగ్గింది. ఆ మంట పాత్ర మనుషులల్ల ఖాయమైంది అప్పుడే. గౌట్ అనే కీళ్లవాతానికి వాడే కొల్చిసిన్ అనే పాత మందును కూడ చిన్న మోతాదుల ఇప్పుడు గుండెకు వాడుతున్నరు. అది అగ్నిశిఖ గడ్డల కూడ ఉంటది, కాని ఆ గడ్డ ప్రాణం తీసే విషం, ఎవలన్న నూరి తాగుమంటే దగ్గరికి రానీయకు. ఇంకొకటి నా వయసోళ్లకు సంబంధించింది. తల్లిదండ్రుల నుంచి రాని జన్యుమార్పులు ముసలితనంల ఎముకమూలుగల పుడ్తయి. టెట్2 అనే జన్యువుల అట్ల మార్పు వచ్చిన తెల్లకణాలు మంటను ఎక్కువ రాజేస్తయి. సిద్ధార్థ జైస్వాల్, ఆయన తోటివాళ్లు 2017ల అచ్చేసిన పరిశోధనల అట్లాంటి మార్పులున్నోళ్లకు గుండెజబ్బు ముప్పు రెండింతలకు దగ్గర అని తేలింది. నేను గోలీలు మానకపోడానికి అది కూడ ఒక కారణం.

ఇప్పుడు రాసేది నాకు కష్టమైన మాట. వదిన మనసుల ఏమున్నదో నాకు తెలుసు. నా బిడ్డను నీకు చేసుకోవాలని, మేనరికం కలుపుకుంటే అన్న పోయిన ఇంట్ల సంబంధం తెగకుండ ఉంటదని ఆమె ఆశ. నీకంటె మంచి పిల్లగాడు నా బిడ్డకు దొరకడని నేను కూడ అనుకుంట. అయినా వద్దంటున్న, ఎందుకంటే చెప్త. నా బిడ్డకు పోయినేడు పరీక్ష చేయిస్తే ఎల్‌డీఎల్ 196. అది నా నుంచి పోయింది. మీ ఇద్దరికి ఒకే తాత నుంచి వచ్చిన ఒకే చెడిన ప్రతి ఉన్నట్టే లెక్క. ఒక్కరికే ఉంటే పుట్టే ప్రతి బిడ్డకు సగానికి సగం అవకాశంల నీ తీరు రోగం వస్తది, దానికి మందున్నది. ఇద్దరికి ఉంటే నాలుగుల ఒక వంతు అవకాశంల బిడ్డకు రెండు ప్రతులు చెడినయే వస్తయి. అట్ల పుట్టిన పిల్లలకు ఎల్‌డీఎల్ ఐదారు వందలుంటది. మోచేతుల మీద, మోకాళ్ల మీద పసుపు గడ్డలు లేస్తయి. బడికి పోయే ఈడులనే గుండెపోటు రావచ్చు. రిసెప్టర్లే సరిగ లేవు కాబట్టి స్టాటిన్ సరిగ పని చేయదు, రక్తాన్ని మిషన్‌ల కడిగినట్టు వారానికో పక్షానికో కొలెస్టరాల్ తీయాలె.

1984ల అమెరికాల స్టార్మీ జోన్స్ అనే ఆరేండ్ల పాపకు పిట్స్‌బర్గ్‌ల గుండె, కాలేయం రెండు ఒకేసారి మార్చిన్రు. ప్రపంచంల అట్ల చేసుడు అదే మొదలు. ఆ పాపకు ఈ రెండు ప్రతుల ఎఫ్‌హెచే. కొత్త కాలేయం మీద రిసెప్టర్లు ఉన్నయి కాబట్టి కొలెస్టరాల్ శానా దిగింది. పదమూడేండ్ల వయసు దాక బతికింది ఆ పిల్ల. నా మనవనికో మనవరాలికో అట్లాంటి గతి పట్టకుండ ముందే తప్పించే వీలున్నప్పుడు, వదిన ఆశ తీర్చడానికి నేను ఊకోలేను.

మేనరికం ఒక్కటే కాదు, మన దగ్గర కులంలనే, అదే నాలుగిండ్లలనే పిల్లనిచ్చి పుచ్చుకునే అలవాటు తరాల నుంచి ఉన్నది. హబ్సిగూడ సీసీఎంబీ శాస్త్రవేత్తలు తంగరాజ్, లాల్జీసింగ్ హార్వర్డ్ వాళ్లతోని కలిసి 2009ల చూపించింది అదే: దేశంల శాన సమూహాలు కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగి, వాళ్లల్ల వాళ్లే పెండ్లి చేసుకుంట వచ్చినయి, కాబట్టి అరుదైన చెడిన జన్యువులు ఒక్కో సమూహంల గుమిగూడుతయి. మన తెలుగుల ఆర్యవైశ్యులల్ల ఆపరేషన్‌కు ఇచ్చే ఒక రకం కండరాలు సడలించే మందు ప్రభావం తొందరగ దిగకపోవుడు అట్లనే వచ్చింది. అది తెలిసిన కాడ డాక్టర్లు ముందే అడిగి వేరే మందు వాడుతరు. తెలిసినోళ్లకు కష్టం లేదు. అందుకనే వదినకు ఇది దాచకుండ చెప్తనంటున్న. నువ్వు చెప్పలేకపోతే నేనే వచ్చి చెప్త, ఆమె కోపం పడినా నేనే పడ్త. నీకు బయట సంబంధం చూసినా పిల్ల వాళ్లకు నీ సంగతి చెప్పాలె, గోలీ వేసుకుంటే మామూలు జీవితమని కూడ చెప్పాలె. పెండ్లికి ముందు ఆ పిల్లకు ఒక లిపిడ్ పరీక్ష చేయిస్తే సాలు.

ఇక నీ చెల్లె. దానికి పద్దెనిమిది నిండినయి కద. మన కార్డియాలజీ సొసైటీ 2024ల ఇచ్చిన మార్గదర్శకాలల్ల మొదటి లిపిడ్ పరీక్ష పద్దెనిమిదేండ్లకు చేయించాలని, ఇంట్ల ఇట్లాంటి చరిత్ర ఉంటే ఇంకా ముందే చేయించాలని ఉన్నది. ఆడపిల్లలకు గుండెపోటు రాదనుకోకు, మందు లేకపోతే వాళ్లకు కొన్నేండ్లు ఆలస్యంగ వస్తది, అంతే. దానికి గోలీలు మొదలైతే పెండ్లయి బిడ్డ కావాలనుకున్నప్పుడు ముందుగాలనే డాక్టర్‌తోని మాట్లాడి కొన్ని నెలలు ఆపాల్సి వస్తది, ఆ సంగతి దానికి ఇప్పటి నుంచే తెలియాలె. నీ చిన్నాయిన పిల్లలకు కూడ చెప్పు. ఆయనకు ఎల్‌డీఎల్ మామూలుగ ఉంటే పిల్లలకు భయం లేదు, కాబట్టి ముందుగాల ఆయనదే చూపించుకోమను. ఈ పరీక్షకు పరగడుపున ఉండాల్సిన అవసరం లేదు, పొద్దుగాల పొలానికి పోయి అంబలి తాగి వచ్చినా చేస్తరు.

వచ్చే సోమవారం నిమ్స్‌ల గుండె ఓపీకి పోదం. పొద్దున్నే సిద్దిపేట బస్సు ఎక్కి నువ్వు, చెల్లె ఇద్దరు రాండ్రి, నేను జేబీఎస్ బస్టాండుల ఉంట. పాత కాగితాలు, మీ బాపు దవాఖాన ఫైలు, అందులున్న ఎంజియోగ్రామ్ సీడీ తీసుకొనిరా. మా నాయిన ఫోటో ఉన్న ఆల్బమ్ కూడ తే, కండ్ల చుట్టు వలయం డాక్టర్‌కు చూపిస్త. అప్పటిదాక మెట్ల మీద, పొలంల ఎక్కడన్న ఛాతి బిగబట్టినట్టయితే సోమవారం దాక ఆగకు, 108కి ఫోన్ చేసి సిద్దిపేట పెద్ద దవాఖానకు పో.

వదినకు నమస్కారం, చెల్లెకు దీవెనలు.

ఇట్లు
నీ మేనత్త